ఆ సన్నగీతల అక్షరాల్ని చిన్న సైజులో వాడకండి మహాప్రభో

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో లగ్జరీ బ్రాండ్లు వాడే అక్షరాల మీద రెండు పేజీల వ్యాసం వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అయ్యేలా ఉంది, కత్తిరించాలంటే కత్తిరించుకోండి గానీ మధ్యలో వచ్చే ఫ్రాంక్లిన్ కథ మాత్రం తీసెయ్యొద్దు, అది లేకపోతే నేను చెప్పేది సగమే.

ముందు మెచ్చుకోలు. తెలుగు పేపర్లో ఫాంట్ల గురించి ఒక్క ముక్క రావడమే అరుదు, అలాంటిది బొడోని అని డిడో అని ఫాంట్ల పేర్లు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. నేను చాలా ఏళ్ళు పేజీలు పెట్టే పనిలోనే ఉన్నాను, అందుకని ఇలాంటివి కనిపిస్తే టీవీ కట్టేసి మరీ చదువుతా. పైన ఆ ఇంగ్లీషు హెడ్డింగ్ అయితే ఎంత బావుందో, లావుపాటి కాడ, దాని చివర బ్లేడుతో గీసినంత పల్చటి సెరిఫ్ (కాడ కొసన ఉండే చిన్న అడ్డగీత), చుట్టూ బోలెడు తెల్లజాగా. ఆహా అనుకుంటూ కిందికొచ్చా. వచ్చి చూస్తే ఫొటోల కింద క్యాప్షన్లు కూడా అదే ఫాంట్, బ్రాండ్ల పేర్లన్నీ అదే ఫాంట్, అదీ ఏడో ఎనిమిదో పాయింట్లలో (పాయింట్ అంటే అక్షరం సైజు కొలత), అదీ కొన్ని నల్ల బొమ్మ మీద తెల్లక్షరాల్లో! అక్కడితో నా చదువు ఆగిపోయింది.

వయసు అయిపోయిందేమో నా కళ్ళదే తప్పేమో అని మొదట అనుకున్నా. అందుకే పాత సామాన్లలోంచి లూప్, అంటే అచ్చు చూసే చిన్న భూతద్దం, తీసి పెట్టి చూశా. చూస్తే ఇంగ్లీషు e అక్షరానికి మధ్యలో ఉండే అడ్డగీత లేదు, అది c అయి కూర్చుంది. ఎన్ అక్షరంలో రెండు కాళ్ళున్నాయి, వాటిని కలిపే వంపు లేదు. ఓ అయితే పైనా కిందా ఊడిపోయి రెండు బ్రాకెట్లు ఎదురెదురుగా నిలబడ్డట్టుంది. తెల్లక్షరం అంటే అక్కడ సిరా పడకుండా వదిలేసిన ఖాళీయే కదా, చుట్టూ ఉన్న నల్లసిరా న్యూస్‌ప్రింట్‌లో ఇంకి లోపలికి పాకేసరికి ఆ సన్న ఖాళీలన్నీ పూడిపోయాయి. నా కళ్ళు బానే ఉన్నాయండి.

లూప్ ఎందుకు పెట్టానో చెప్పాలంటే ఫ్రాంక్లిన్ కథలోకి వెళ్ళాలి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ అనే ఊళ్ళో జాన్ బాస్కర్విల్ అని ఒకాయన ఉండేవాడు, మొదట చక్కటి చేతిరాత నేర్పే పంతులు, రాళ్ళ మీద అక్షరాలు చెక్కేవాడు కూడా, తర్వాత నిగనిగలాడే పూత పూసిన సామాన్ల వ్యాపారంలో డబ్బు బాగా సంపాదించి అదంతా తెచ్చి అచ్చు పనిలో పోశాడు. 1757లో ఆయన మొదటి పుస్తకం వచ్చింది, రోమన్ కవి వర్జిల్ కావ్యాలు. అప్పటిదాకా అలవాటున్న అక్షరాలకంటే ఆయన అక్షరాల్లో లావుకీ సన్నానికీ తేడా ఎక్కువ, అంచులు పదును. ఆ పదును మామూలు కాగితం మీద తేలదని నున్నటి కాగితం తెప్పించాడు, సిరా ఇంకా నల్లగా చేయించాడు, అచ్చయిన కాగితాల్ని వేడి రాగిరేకుల మధ్య పెట్టి నొక్కించాడు. అంటే ఫాంట్ ఒక్కటీ గీసి ఊరుకోలేదు, అది బతకడానికి ఏమేం కావాలో అన్నీ చూసుకున్నాడన్నమాట, ఈ ముక్క గుర్తుంచుకోండి మళ్ళీ అవసరం పడుతుంది.

జనం ఊరుకుంటారా, ఈయన అక్షరాలు చదివితే కళ్ళు పోతాయి అన్నారు. 1760లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయనా మొదట ప్రింటరే కదా, బాస్కర్విల్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఒక పెద్దమనిషి నాతో నీ అక్షరాల్ని తెగ తిట్టాడయ్యా, గీతలు మరీ సన్నం, దేశంలో చదివేవాళ్ళందర్నీ గుడ్డివాళ్ళని చేస్తాడు అన్నాడు, నేను లోపలికెళ్ళి కాస్లన్ అనే ఇంకో అచ్చక్షరాల తయారీదారు నమూనా కాగితం తీసి పైన పేరు చింపేసి తెచ్చి ఇదిగో ఇవి బాస్కర్విల్ అక్షరాలే, తప్పెక్కడో చూపించు అన్నా, ఆయన ఒక్కో అక్షరం చూపించి ఇక్కడ తప్పు అక్కడ తప్పు, చూస్తుంటేనే కళ్ళు నొప్పెడుతున్నాయి అన్నాడు, అదీ ఆ ఉత్తరం సంగతి. కాస్లన్ అక్షరాలేమో ఆ రోజుల్లో అందరూ చదివేవే, ఈ పెద్దమనిషి కూడా జన్మంతా అవే చదివుంటాడు! నేనూ ఆయనలాంటివాణ్ణి అయిపోతానేమోనని భయం, అందుకే లూప్. లూప్ కింద అడ్డగీత లేదంటే లేదు, దానికి నా ఇష్టాయిష్టాలతో పని లేదు.

సరే, బాస్కర్విల్ సగం దూరం నడిస్తే మిగతా సగం పారిస్‌లో ఒకరు, పార్మాలో ఒకరు పూర్తి చేశారు. పారిస్‌లో ఫిర్మిన్ డిడో 1784 ప్రాంతంలో కోసిన అక్షరాల్లో సన్నగీత ఇక నిజంగానే వెంట్రుక, సెరిఫ్ దగ్గర వంపు కూడా లేదు, నిలువు కాడకి అడ్డంగా సూదిలాంటి గీత, అంతే. పాయింట్ లెక్కని ఒక పద్ధతిలో పెట్టింది కూడా ఆ ఇంట్లోవాళ్ళే, ఫిర్మిన్ తండ్రి ఫ్రాన్స్వా అంబ్రోజ్. ఇటలీలో జంబతిస్తా బొడోని, 1768 నుంచి పార్మా ప్రభువు ప్రెస్సుకి ఆయనే పెద్ద. వీళ్ళిద్దరి పేర్లూ కలిపేసి 1954లో మాక్సిమిలియన్ వోక్స్ అనే ఆయన ఈ జాతి అక్షరాలకి డిడోన్ అని పేరు పెట్టాడు. మీ వ్యాసంలో బొడోని మీద ఒక పేరా ఉంది, బావుంది, కానీ అసలు విషయం వదిలేశారు. ఆయన పోయింది 1813లో, ఆయన అక్షరాలన్నీ కూర్చిన మాన్యువల్ 1818లో ఆయన భార్య మార్గెరీతా పూనుకుని బయటికి తెచ్చింది, రెండు సంపుటాలు. అది తిరగేస్తే ఒకే రూపం మళ్ళీ మళ్ళీ ఇంచుమించు అదే సైజులో కనిపిస్తూ ఉంటుంది, ఈయనకి వేరే పని లేదా అనిపిస్తుంది. పిచ్చి కాదండి అది. ప్రతి సైజూ విడిగా ఉక్కు మీద చేత్తో చెక్కాల్సిందే ఆ రోజుల్లో, చెక్కేవాడికి చేతికి తెలుసు చిన్న సైజులో సన్నగీతని కాస్త బలంగా ఉంచాలని, లోపలి ఖాళీలు కాస్త పెద్దవి చెయ్యాలని, అక్షరాల మధ్య కాస్త ఎడం ఇవ్వాలని. పెద్ద సైజుకొస్తే గీతని ఎంతైనా పల్చన చెయ్యొచ్చు. అంటే బొడోని అని మనం ఒక్క పేరు పెట్టి పిలిచేది నిజానికి ఒక పెద్ద కుటుంబం, చిన్నవాడు బొద్దుగా పెద్దవాడు సన్నగా.

తర్వాతేమైంది, సీసంతో పోత పోసిన అక్షరాలు పోయి ఫొటో టైప్‌సెట్టింగ్ వచ్చింది, ఒక్క బొమ్మ గీసి లెన్సుతో పెద్దది చిన్నది చేసుకోవడమే, తర్వాత కంప్యూటర్ వచ్చింది, అక్కడా అంతే, మౌసు పట్టి లాగితే ఎంతకావాలంటే అంత. పని సులువైంది, చెక్కేవాడి చేతికి తెలిసిన విషయం మాత్రం దారిలో పడిపోయింది. లెక్క చూడండి. సన్నగీత అక్షరం సైజులో యాభయ్యో వంతు అనుకుందాం. 72 పాయింట్లంటే ఒక అంగుళం, అందులో యాభయ్యో వంతంటే అర మిల్లీమీటరు, హాయిగా కనిపిస్తుంది. అదే బొమ్మని 8 పాయింట్లకి కుదిస్తే గీత మందం 0.056 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకతో పోటీ! మీ వెబ్‌సైట్లో అయితే ఇంకా ఘోరం, 12 పిక్సెళ్ళ అక్షరంలో ఆ గీతకి పావు పిక్సెల్ కూడా రాదు, పావు పిక్సెల్ నల్లగా చూపించడం పాత స్క్రీన్‌కి చేతకాదు కాబట్టి అక్కడో బూడిదరంగు మరక వేసి ఊరుకుంటుంది. మంచి ఫోన్లలో పిక్సెళ్ళు దట్టంగా ఉంటాయి కాబట్టి కొంత నయం. డిజైన్ చేసే పిల్లలు ఖరీదైన స్క్రీన్ మీద రెండొందల శాతం జూమ్ పెట్టుకుని చూసి అబ్బ ఎంత బావుందో అనుకుంటారు, చదివేవాడు మాత్రం నూటికి నూరు శాతంలోనే చదవాలి.

దీనికి మందు లేదా అంటే ఉంది, ఉండి కూడా వాడట్లేదనే నా బాధ. 1990ల మొదట్లో హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రికకి కొత్త రూపం ఇచ్చినప్పుడు జోనథన్ హోఫ్లర్ అనే ఫాంట్ డిజైనర్ ఒక డిడో గీశాడు, ఒకటి కాదు ఏడు రకాలుగా, క్యాప్షన్ సైజుకి ఒకటి, ఇంత పెద్ద హెడ్డింగ్‌కి ఒకటి, అలా. ఎంత సైజులో వాడినా సన్నగీత సన్నగానే ఉండాలి కానీ విరగకూడదు, అదీ ఆయన పట్టుదల. 1994లో ఐటీసీ అనే ఫాంట్ల కంపెనీ (మన సిగరెట్ల ఐటీసీ కాదు) వాళ్ళు బొడోని మళ్ళీ గీయిద్దామని మనుషుల్ని పార్మాకే పంపించి అసలు అచ్చుల్ని చూపించి, 6 పాయింట్లకి 12 పాయింట్లకి 72 పాయింట్లకి మూడు వేరువేరు గీయించారు, మూడూ పక్కపక్కన ఒకే సైజులో పెట్టి చూస్తే ఒకే ఫాంట్ అంటే నమ్మరు. ఇక 2016లో వేరియబుల్ ఫాంట్లు వచ్చాక ఒక్క ఫైల్లోనే ఇదంతా ఇమిడిపోతోంది, ఆప్టికల్ సైజ్ అని ఒక మీట ఉంటుంది, సైజు తగ్గేకొద్దీ గీత దానంతటదే బలపడుతుంది. బొడోని మోడా అని ఉచితంగానే దొరుకుతుంది ఇలాంటిది. కాబట్టి డబ్బుల్లేక కొనలేకపోయాం అనడానికీ లేదు! మీవాళ్ళు వాడింది ఏ ఫాంటో పేరు తెలియదు గానీ పేరు చివర డిస్‌ప్లే, అంటే పెద్ద సైజుకి, అని ఉంటే మటుకు అది క్యాప్షన్లకి కాదు అని దాని తండ్రే చెప్పినట్టు లెక్క.

ఇప్పుడు మీ వ్యాసంలో నాకు నచ్చని వాక్యం. ఈ అక్షరాలు పుట్టుకతోనే రాజసం, అందుకే ఖరీదైన వస్తువులకి అవే నప్పుతాయి అని రాశారు. ప్రభువుల ప్రెస్సులో పుట్టిన మాట నిజమే. కానీ ఆ తర్వాత వందేళ్ళు? పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో, అమెరికాలో మామూలు పుస్తకాలన్నీ దాదాపు ఈ జాతి అక్షరాలతోనే అచ్చయ్యాయి. బడి పుస్తకం ఇదే, వ్యాకరణం ఇదే, చట్టాల పుస్తకం ఇదే, ఇదే అక్షరాన్ని బాగా లావు చేసి గోడల మీద పోస్టర్లకీ అంటించారు. అప్పుడు అది బొత్తిగా మామూలు అక్షరం. అంత మామూలు కాబట్టే ఇంగ్లండ్ డిజైనర్, ప్రింటర్ విలియం మోరిస్‌కి దాన్ని చూస్తే ఒళ్ళు మండింది, బొడోని అక్షరమంత చదవరానిది ఇంకోటి లేదు అని తిట్టిపోసి పాతకాలపు అక్షరాలవైపు వెళ్ళిపోయాడు. ఆయన మరీ ఎక్కువ చేశాడనుకోండి, ఆయన ప్రెస్సులో వేసిన పేజీలు చదవడం కూడా ఏమంత తేలికేం కాదు.

ఇంకో సాక్ష్యం. లెక్కల పేపర్లు, ఫిజిక్స్ పేపర్లు చదివే పిల్లలు మీ ఇళ్ళల్లో ఉంటే ఆ పీడీఎఫ్ ఒకటి తెరిపించండి. అందులో అక్షరం చూడండి, నిలువు కాడ లావు, సెరిఫ్ సన్నం, అదే జాతి. డొనాల్డ్ క్నూత్ అనే ప్రొఫెసర్ 1977లో తన పుస్తకం కొత్త ప్రూఫులు చూసుకుంటే పాత సీసం అచ్చు ముందు అవి వెలవెలబోయాయట, పుస్తకం పని పక్కన పడేసి టెక్ అనే సాఫ్ట్‌వేరే రాసేశాడు, దానికోసం మోనోటైప్ మోడర్న్ అనే పాత సీసం ఫాంట్ పోలికలతో కంప్యూటర్ మోడర్న్ అని ఫాంట్ కూడా చేశాడు. ఆయన కూడా 5 పాయింట్లకొకటి 7 పాయింట్లకొకటి 10 పాయింట్లకొకటి విడిగానే చేశాడు, చూశారా, లెక్కలాయనకి తెలిసింది! మరి పెర్ఫ్యూమ్ సీసా మీద రాజసం అనిపించేది ఇంటిగ్రల్ గుర్తు పక్కన ఎందుకు అనిపించదు? నిర్వాణ అనే రాక్ బ్యాండ్ పేరు రాసింది కూడా ఆనిక్స్ అని 1937 నాటి ఫాంట్‌లో, అది బొడోనిని పక్కలనుంచి నొక్కేసినట్టుంటుంది. చిరిగిన జీన్సు పాటలకీ వజ్రాల నెక్లెసుకీ ఒకే వంశం అక్షరాలు.

రాజసం అనేది మధ్యలో అంటించిందే. 1934 నుంచి 1958 దాకా హార్పర్స్ బజార్‌కి అలెక్సీ బ్రొడోవిచ్ ఆర్ట్ డైరెక్టర్, ఆయన పేజీలో సగానికి సగం ఖాళీ వదిలేసి ఒక మూల నాలుగు మాటలు ఈ అక్షరాలతో పెట్టేవాడు, పక్కన పెద్ద ఫొటో. వోగ్ అనే ఇంకో ఫ్యాషన్ పత్రిక పేరు కూడా 1950ల నడుమ నుంచి ఇదే పోలికలో ఉంటోంది. అలా చూసీ చూసీ మన కంటికి ఈ అక్షరం అంటే ఫ్యాషన్ అని ముద్ర పడిపోయింది. నా అనుమానం ఏంటంటే రాజసం అక్షరంలో కంటే ఆ ఖాళీలో ఎక్కువ ఉంది. కాగితం వృథా చెయ్యగలిగినవాడే కదా ధనవంతుడు! ఖాళీ లేకుండా ఇదే ఫాంట్‌ని కుక్కి పెడితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఉంటుంది, మీ రెండో పేజీ అచ్చం అదే. పైగా ఫ్యాషన్ వాళ్ళకే దీనిమీద నిలకడ లేదు, 2018లో బర్బెరీ సెరిఫ్‌లు తీసేసి మొద్దు అక్షరాల్లోకి వెళ్ళింది, 2023లో మళ్ళీ వెనక్కొచ్చింది, మధ్యలో 2019లో జారా వాళ్ళు అక్షరం మీద అక్షరం ఎక్కించి మరీ డిడో తరహా లోగో పెట్టుకున్నారు.

తెలుగు సంగతి కూడా చెప్పి ముగిస్తా, ఎందుకంటే అదే పేజీలో మీ తెలుగు సబ్ హెడ్డింగులకి కూడా సన్న లావు తేడా బాగా ఉన్న కొత్త ఫాంట్ వాడారు. ఇంగ్లీషు అక్షరంలో లావు ఎక్కడ, సన్నం ఎక్కడ అనేది పాళీ నేర్పింది, మొన తేలిన పాళీని కిందికి లాగుతూ నొక్కితే చీలి లావు గీత, పైకి తెస్తే సన్నగీత, అందుకే వాళ్ళకి నిలువు లావు అడ్డం సన్నం. మన అక్షరం తాటాకు మీద గంటంతో గీసుకుంటూ వచ్చింది, గంటానికి లావూ సన్నం తెలీదు, అన్నీ ఒకటే. నిలువు కాళ్ళే పెద్దగా లేని గుండ్రటి లిపికి వాళ్ళ సూత్రం తెచ్చి అతికిస్తే ఎక్కడ లావు పెట్టాలో గీసేవాడికే తేలదు. పెట్టకూడదని కాదు, పెద్ద హెడ్డింగుల్లో బాగా గీసినవి చూశాను, సున్నా వంపుల్లో ఆ తేడా ఎంత అందమో. కానీ ఇంగ్లీషులో సన్నగీత పోతే అక్షరం కుంటుతుంది, చాలాసార్లు పక్క అక్షరాల్ని బట్టి పోల్చుకోవచ్చు. మనకి సన్నగీత పోతే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. ధ కింద ఉండే ఆ చిన్న గీతే కదా దాన్ని ద కాకుండా కాపాడేది, థ కి లోపల చుక్క, ప ని ఫ చేసేదీ చిన్న గీతే. సరిగ్గా అలాంటి గీతల్నే మీ ఫాంట్ సన్నం చేసింది. మీ సబ్ హెడ్డింగులో ధరించే అనే మాట నాకు దరించే అనే కనిపించింది, ప్రూఫ్ చూసినాయన్ని ఏమీ అనకండి పాపం, ఆయన స్క్రీన్ మీద గీత ఉండే ఉంటుంది.

ఇంకో చిన్న విషయం, మీ ప్రెస్సులో వాళ్ళకి తెలిసిందే గానీ డిజైన్ చేసినవాళ్ళకి చెప్పండి. మరికొన్ని బ్రాండ్ పేర్లు ముదురు ఎరుపులో వేశారు, అది నాలుగు రంగుల ప్లేట్లలో రెండు మూడు ప్లేట్లు కలిస్తే వచ్చే రంగు. రిజిస్ట్రేషన్, అంటే ప్లేట్లు ఒకదానిమీదొకటి సరిగ్గా పడటం, వెంట్రుకవాసి జరిగితే లావు కాడకి పక్కన కొంచెం నీడ వచ్చినట్టుంటుంది అంతే, కానీ సన్నగీత వెంట్రుక మందమే కాబట్టి అది రెండు రంగుల రెండు గీతలైపోతుంది. బాస్కర్విల్ కాగితాన్నీ సిరానీ కూడా మార్చుకున్నాడని పైన అందుకే చెప్పా. మీకు న్యూస్‌ప్రింట్ మార్చే వీలుండదు, వేగంగా తిరిగే మిషన్ని ఆపే వీలూ ఉండదు, అలాంటప్పుడు మారాల్సింది ఫాంటే. ఈ ఫాంట్ హెడ్డింగ్‌కి ఉంచండి, 40 పాయింట్ల పైన ఎంతైనా వాడుకోండి, తెల్ల కాగితం మీద ఒక్క నలుపులో, చుట్టూ ఊపిరాడేలా. క్యాప్షన్లకి, సబ్ హెడ్డింగులకి మీ పాత బాడీ ఫాంటే వేసెయ్యండి, బోల్డ్ చేసినా సరే. అంతగా అదే కుటుంబం కావాలంటే టెక్స్ట్ సైజుకి విడిగా గీసిన రకం తెచ్చుకోండి.

వచ్చే వారం ఇదే వరసలో చేతిరాత తరహా ఫాంట్ల మీద వ్యాసం వస్తుందని కింద చిన్నక్షరాల్లో వేసినట్టున్నారు, లూప్ పెట్టి చదివా. ఎదురుచూస్తూ ఉంటా. ఈ ఉత్తరం వేసేటట్టయితే దయచేసి మామూలు ఫాంట్‌లో వెయ్యండి.

ఇట్లు
మీ పాత పాఠకుడు